పైన రాసినవన్నీ నిజం

ఆ మంగళవారం ఉదయం స్టోర్‌కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగు లోపు ఒక నిర్ణయానికి రావాలి, అంతే. ఇతరులైతే కాఫీ తాగుతూ తేల్చేసే సంగతికి అతను పదకొండేళ్లలో మొదటిసారి ఒక రోజు సెలవు పెట్టాడు. నీటి పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా స్టోర్స్ చూస్తున్న ఆ మనిషిని వెనకాల అందరూ 'ఆలోచిద్దాం' అని పిలుస్తారు. ఎవరేమడిగినా అతని నోట్లోంచి ముందుగా వచ్చేది ఆ మాటే. వేసవిలో భార్య కొత్త ఫ్యాను కొందామంటే ఆలోచిద్దాం అన్నాడు. ఆలోచన పూర్తయ్యేసరికి చలికాలం వచ్చి, ఆ ఖర్చు తప్పిపోయింది.

ఈసారి వ్యవహారం ఫ్యానుది కాదు. పది రోజుల కిందట ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచి మేనేజరు ఫ్యాక్టరీకి వచ్చింది. నెరిసిన జుట్టు, చురుకైన కళ్లు ఉన్న ఆవిడ అతని రిజిస్టర్లు చూసి ముచ్చటపడి, మా దగ్గర ఏజెంటుగా చేరకూడదా అని అడిగేసింది. జీతం ఉండదు, కమీషనే. ఎంత తిరిగితే అంత. అతను ఆలోచిద్దాం అన్నాడు. "మంగళవారం నాలుగింటి దాకా ఆలోచించండి. వచ్చేటప్పుడు పాలసీ తీసుకునే మనిషిని ఒక్కరినైనా ఒప్పించి వెంటబెట్టుకు రండి. లేకపోతే నేను ఇంకొకరిని చూసుకుంటాను" అని ఆవిడ ఒక నమూనా ఫారం చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి అతని కాళ్లు నేల మీద లేవు. పద్దెనిమిదేళ్లుగా ఒకే బల్ల, ఒకే బీరువా, ఇరవై మూడు తాళంచెవుల గుత్తి. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, చేతిసంచీ, కొత్త వీధులు. వాషర్లు లెక్కపెడుతూ తనలో తను నవ్వుకునేవాడు. అద్దం ముందు నిలబడి, "మీ తర్వాత మీ కుటుంబం గురించి ఎప్పుడైనా ఆలోచించారా?" అని గంభీరంగా అడిగేవాడు. అద్దంలో మనిషి ఆలోచిద్దాం అనేవాడు. అక్కడే వ్యాపారం ఆగిపోయేది. తనే తనను ఒప్పించుకోలేనివాడు ఊళ్లోవాళ్లను ఎలా ఒప్పిస్తాడు? గుబులంతా దాని గురించే.

భార్యకు మాత్రం చెప్పలేదు. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మనిషిని ఒక్క చూపు చూసి కొలత చెప్పేస్తుంది, ఏ సంగతైనా అంతే వేగంగా తేల్చేస్తుంది. ఆవిడ తేల్చేస్తే తను ఆలోచించడానికి ఇంకేం మిగులుతుంది? అందుకని మామూలు వేళకే ఫ్యాక్టరీ చొక్కా వేసుకున్నాడు. ఆవిడ లోపల స్నానం చేస్తుండగా, కత్తిరింపుల బల్ల దగ్గర కూర్చుని నమూనా ఫారం బయటికి తీశాడు.

స్టోర్స్‌లో ఒక పద్ధతి ఉంది. కొత్త ఫారం ఏది వచ్చినా ముందు దాన్ని చెడిపోయిన సరుకుతో నింపి చూడాలి. పెట్టె పగిలింది, సరుకు తుప్పు పట్టింది, లెక్క తగ్గింది, బిల్లు కనిపించడం లేదు. ఇన్ని తప్పులకూ చోటు సరిపోతే అది మంచి ఫారం. అతను ఇన్సూరెన్స్ ఫారాన్నీ ఆ పద్ధతిలోనే పరీక్షించాడు. ఏవైనా జబ్బులున్నాయా అని అడిగిన చోట తనకు తెలిసినవన్నీ రాశాడు. మరి ఎవరి పేరు రాయాలి? ఊరికే ఇంకొకరి పేరు మీద గుండెజబ్బు రాయడానికి మనసు ఒప్పలేదు. తన పేరే రాసుకున్నాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. కింద కార్బన్ పేపరు లేకపోతే అతని కలం కదలదు. ఫారం కింద కార్బన్, దాని కింద ఒక తెల్లకాగితం పెట్టి నొక్కి రాశాడు. చేతిరాత కిందికి దిగింది. అచ్చులో ఉన్న ప్రశ్నలు పైనే ఉండిపోయాయి. ఫారాన్ని సంచీలో పెట్టుకున్నాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆలోచన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుందని ఫోనును బీరువా మీద వదిలేశాడు. కాపీ సంగతి మరిచిపోయి బయటపడ్డాడు.

పది గంటలకు అతని భార్య కాలరు కొలత గీసుకోవడానికి బల్ల మీద కాగితం తీసుకుంది. అందులో నీలిరంగులో, తన భర్త ముత్యాల్లాంటి అక్షరాల్లో, అతని పేరూ వయసూ కింద ఇలా ఉంది:

గుండె, షుగరు, రక్తపోటు, కిడ్నీలు, ఊపిరితిత్తులు, కాలేయం.
మూడేళ్ల నుంచి.
చికిత్స తీసుకోలేదు.
ఇంతవరకు ఎవరికీ తెలియజేయలేదు.
మొత్తం నా భార్యకు.
పైన రాసినవన్నీ నిజం.

ఆ చివరి వాక్యం స్వదస్తూరితో రాయాలని ఫారంలో ఉంది. ఆ సంగతి ఆవిడకు ఎలా తెలుస్తుంది? కాగితం రెండుసార్లు చదివి గోడకు ఆనుకుంది. భర్తకు ఫోను చేసింది. అది బీరువా మీద మోగింది. ఆ మోత వినగానే ఆవిడ గుండె నిజంగానే జారిపోయింది. వెంటనే ఫ్యాక్టరీకి చేసింది. మేనేజరే ఎత్తాడు.

"ఈరోజు సెలవు పెట్టాడమ్మా. సొంత పని అని రాశాడు. మీకు చెప్పలేదా?"

"ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని వెళ్లారండీ." ఆవిడ ఫోను గట్టిగా చెవికి ఆనించుకుంది. "అక్కడ ఆయన ఒంట్లో ఎలా ఉంటోంది? నిజం చెప్పండి."

మేనేజరు ఆలోచించాడు. "ఒంటి సంగతి తెలీదు గానీ, పది రోజులుగా వాషర్లు చూసి నవ్వుతున్నాడు. చేతులు కడుక్కునే దగ్గర అద్దంతో మాట్లాడుతున్నాడు. మీ తర్వాత మీ కుటుంబం ఏమైపోతుంది అని అడుగుతున్నాడట."

ఇంకేం సాక్ష్యం కావాలి? ఆవిడ తన అన్నకు ఫోను చేసింది. ఆయన కారు నడపడం నేర్పుతాడు. ఆ సమయానికి శిష్యురాలి పక్కన కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా, ఈయనకి ఆరు జబ్బులు."

"ఏ ఆరు?"

"ఉన్నవన్నీ. కాగితం రాసిపెట్టి ఎటో వెళ్లిపోయారు."

పావుగంటలో చేరవలసిన కారు ముప్పావు గంటకు వచ్చింది. శిష్యురాలే నడిపింది మరి. ఆవిడ పళ్ల డాక్టరు. వారంలో ఒక్కరోజు క్లినిక్కు మూసి కారు నేర్చుకుంటోంది. డాక్టరన్న మాట చెవిన పడగానే స్టోర్‌కీపరు భార్యకు ప్రాణం లేచొచ్చింది, కాగితం ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ శ్రద్ధగా చదివింది.

"ఇందులో పళ్లు లేవండీ" అంది నొచ్చుకుంటూ. "మిగతావి నాకు తెలీవు. అయితే ఇన్ని ఉన్న మనిషి చొక్కా వేసుకుని తిరగడమే గొప్ప."

ఆ ఓదార్పుతో అందరూ కారెక్కారు. మూడు ఆసుపత్రులు తిరిగారు. శిష్యురాలి క్లాసు గంటకే అయిపోయింది, కానీ ఈ కథ మధ్యలో వదిలేసి దిగడానికి ఆవిడకు మనసు రాలేదు. స్టీరింగు కూడా వదల్లేదు. పక్కన అన్నగారు తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కుతూ, "బావకి ఏం కాదులే, ఎడమవైపు తిప్పండి, ధైర్యంగా ఉండమ్మా, లారీ వస్తోంది" అంటూ ఇద్దరికీ ఒకే ఊపిరిలో చెప్పుకుపోయాడు. ఏ ఆసుపత్రిలోనూ ఆరు జబ్బుల మనిషి చేరలేదు.

రెండున్నరకు ఇంటికి తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఫ్యాక్టరీ మేనేజరు పూలగుత్తితో నిలబడి ఉన్నాడు. మెత్తని మనిషి. కాగితం చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇన్ని పెట్టుకుని పద్దెనిమిదేళ్లు ఇనుము మోశాడు. ఇక మోయనివ్వనమ్మా. సెలవు పెట్టేటప్పుడు తాళాలు నాకిచ్చాడు, ఇవిగో. రేపటి నుంచి స్టోర్స్ ఇంకొకరికి అప్పజెప్పేస్తాను. మీ ఆయన గేటు దగ్గర నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు" అని జేబులోంచి తాళాల గుత్తి తీసి చూపించి మళ్లీ పెట్టుకున్నాడు. స్టోర్‌కీపరు ఉద్యోగం ఆ విధంగా అతను లేకుండానే, అపారమైన ప్రేమతో, చేజారిపోయింది.

సరిగ్గా అప్పుడే బీరువా మీది ఫోను మోగింది. అతని భార్య ఒక్క అంగలో అందుకుంది.

"ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచండీ. సారు నాలుగింటికి ఫారం తీసుకుని వస్తానన్నారు. గుర్తు చేద్దామని."

ఫోను పెట్టేసి ఆవిడ అందరివైపూ తిరిగింది. "నా కోసం పాలసీ తీసుకోవడానికి వెళ్లారు. ఇన్ని జబ్బులతో, నాకోసం" అంది. కళ్లనీళ్లు ధారగా కారాయి. ఫ్యాను కూడా కొనని మనిషి తన కోసం ఇంత తలపెట్టాడన్న సంతోషం, అతను దక్కడేమోనన్న భయం ఒకేసారి ముంచుకొస్తే, ఏ ఏడుపు దేనికో ఆవిడకే తెలియలేదు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా మళ్లీ కారెక్కింది. ఈసారి పూలగుత్తితో సహా మేనేజరు కూడా ఎక్కాడు.

ఇంతకీ మన స్టోర్‌కీపరు ఉదయం నుంచీ ఆ ఇన్సూరెన్స్ ఆఫీసు ఎదురుగా బస్‌స్టాపు బల్ల మీదే కూర్చున్నాడు. కాగితం మీద లాభాలు, నష్టాలు అని రెండు వరసలు గీస్తే, 'కొత్త మనుషులతో మాట్లాడాలి' అన్నది రెండు వైపులా వచ్చింది. లాభం లేదని సరుకు లెక్కలోకి దిగాడు. లోపలికి వెళ్లినవాళ్లు ఎందరు, బయటికి వచ్చినవాళ్లు ఎందరు, వచ్చినవాళ్లలో నవ్వు ముఖాలెన్ని. నవ్వులు సగం దాటితే ఉద్యోగంలో చేరాలి. మూడున్నరకు నవ్వులు ఇరవై ఆరు, మామూలు ముఖాలు ఇరవై ఆరు. ఒకాయన నవ్వుతూ వచ్చి, మరిచిపోయిన గొడుగు కోసం లోపలికి వెళ్లి, విసుక్కుంటూ వచ్చాడు. ఆయన్ని ఎందులో రాయాలో తెలియక సతమతమవుతుండగా ఒక కారు గతుకులు పడుతూ వచ్చి ఆగింది. అతను తల ఎత్తేసరికి వీపులు మాత్రమే కనిపించాయి. 'లోపలికి నలుగురు, కంగారుగా' అని రాసుకున్నాడు.

ఆ నలుగురూ హాల్లోకి వెళ్లి చుట్టూ చూశారు. అతను లేడు. "నాలుగింటికి వస్తారమ్మా, కూర్చోండి" అంది కౌంటరులో అమ్మాయి. కూర్చోవడం ఆ ఇల్లాలి వల్ల అయ్యే పని కాదు. పక్కన ప్రీమియం కట్టడానికి వచ్చిన ఒకావిడ, ఏమైందమ్మా అని పాపం మంచికే అడిగింది. అంతే, కాగితం బయటికొచ్చింది. మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించి, "మీ ఆయన మీకు అన్నీ చెప్తారా?" అని అడిగింది.

"చెప్తారండీ."

"మా ఆయనా చెప్తారనే అనుకున్నాను, నిన్నటి దాకా."

ఆ ఒక్క మాట హాలంతా వింది. ప్రీమియం కట్టడానికి వచ్చినావిడ కళ్లు తుడుచుకుని, కౌంటరు దగ్గరకు వెళ్లి, భర్త పేరు మీద ఒక ఫారం అడిగింది. దాన్ని నింపించడానికి ఆయన్ని వెంటనే లాక్కొస్తానని వీధిలోకి పరిగెత్తింది. ఎదుటి బల్ల మీద స్టోర్‌కీపరు 'ఏడుస్తూ బయటికి: ఒకరు' అని రాయబోయి, దానికి వరస లేదని కొత్తగా ఒక గీత గీశాడు.

లోపల పింఛను తీసుకునే పెద్దాయన ఒకరు ఉన్నారు. "నా వయసుకి ఇవ్వరు గానీ, మా కోడలి పేరు మీద ఇప్పించమ్మా" అన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు గొంతు సవరించుకుని, తనకూ ఒకటి కావాలన్నాడు. అన్నగారైతే ఆశ్చర్యపోయాడు. రోజంతా బండి రానివాళ్ల పక్కన కూర్చునే మనిషి ఇన్నాళ్లూ పాలసీ లేకుండా ఎలా బతికాడు? శిష్యురాలు తన డ్రైవింగు తనే చూసుకుంది గనుక ఎవరూ చెప్పక ముందే కలం తీసింది. స్టోర్‌కీపరు భార్య అందరి మధ్యా తిరుగుతూ, "ఇక్కడ సంతకం మరిచిపోయారు", "జబ్బుల దగ్గర దాచకండి, నా గతి చూశారుగా" అని చెబుతోంది. అమ్ముతున్నానన్న ఊహ కూడా ఆవిడకు లేదు. గాజు తలుపు వెనక నుంచి బ్రాంచి మేనేజరు ఇదంతా చూస్తోంది.

నాలుగుకు నాలుగు నిమిషాలుండగా స్టోర్‌కీపరు బల్ల మీంచి లేచాడు. లెక్క తేలలేదు. కానీ మనసు తేలింది. పది రోజుల గుబులు ఒక్కసారి ఉత్సాహంగా మారి కాళ్లలోకి దిగింది. రోడ్డు దాటి, తలుపు తోసి, గాజు తలుపు దగ్గరున్న బ్రాంచి మేనేజరు తప్ప మరెవరూ కంటికి ఆనకుండా, "మేడమ్, ఆలోచించాను. చేరిపోతాను" అన్నాడు.

హాలంతా అతని వైపు తిరిగింది. మరుక్షణంలో ఒకవైపు బావగారు, ఇంకోవైపు ఫ్యాక్టరీ మేనేజరు రెక్కలు పట్టుకుని, నిలబడకు నిలబడకు అంటూ బల్ల మీద పడుకోబెట్టారు. గుండెల మీద పూలగుత్తి పెట్టారు. కొత్త ఏజెంట్లకు ఇంత మర్యాద చేస్తారని అతనికి తెలియదు. పళ్ల డాక్టరు నాడి పట్టుకుని, అలవాటు కొద్దీ నోరు తెరవమంది. తెరిచాడు. తల పక్కన ఎవరో చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే అటు చూశాడు. అతని భార్య.

"నువ్వా? నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?"

"ఆరు జబ్బులు పెట్టుకుని నాతో ఒక్క మాట అనలేదు మీరు."

"ఏ ఆరు?"

ఆవిడ కాగితం చూపించింది. అతను దాన్ని చూసి, "కాపీ ఇంట్లోనే ఉండిపోయిందా?" అన్నాడు. ఆ మాట ఎవరికీ నచ్చలేదు. అప్పుడు బ్రాంచి మేనేజరు వచ్చి, అతని సంచీలోంచి ఫారం తీసి, ఆ కాగితం మీద పెట్టి, రెండింటినీ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ప్రతి జవాబూ వెళ్లి దాని ప్రశ్న కింద కూర్చుంది. 'ఇతర కంపెనీలకు ఈ వివరాలు తెలియజేశారా?' ఇంతవరకు ఎవరికీ తెలియజేయలేదు. 'పాలసీ సొమ్ము ఎవరికి చెందాలి?' మొత్తం నా భార్యకు. పైన పెద్ద అక్షరాలతో 'నమూనా' అని అచ్చయి ఉంది.

అతను చెడిపోయిన సరుకు పద్ధతి వివరించాడు. విన్నవాళ్లలో ఒక్క ఫ్యాక్టరీ మేనేజరే తల ఊపాడు.

"అంటే ఇవేవీ లేవా?" అంది భార్య.

"లేవు."

"గుండె?"

"బాగానే ఉంది."

"కాలేయం?"

"అదీ బాగానే ఉండాలి. నేనెప్పుడూ చూడలేదు."

ఆవిడ బల్ల అంచున కూలబడి ఇంకోసారి ఏడ్చింది, ఈసారి హాయిగా. తర్వాత మెడలో టేపు తీసి దాంతోనే అతని భుజం మీద ఒకటి వేసింది. "నాకు చెప్పి ఉంటే పోయేదిగా."

"చెప్తే నువ్వు వెంటనే తేల్చేస్తావని."

"తేలిస్తే ఏం పోతుంది?"

అతను పొద్దున్నుంచీ తన కోసం ఊరంతా తిరిగిన ఆ ముఖం చూసి సిగ్గుపడ్డాడు. ఇంత సంతోషం కూడా తనకెప్పుడూ కలగలేదు.

"సరే, నిర్ణయం చెప్పారు" అంది బ్రాంచి మేనేజరు. "మరి ఎవరినైనా ఒప్పించి తెచ్చారా?"

"లేదు మేడమ్. కానీ ఇవాళ మీ ఆఫీసులోంచి నవ్వుతూ వెళ్లినవాళ్ల లెక్క ఉంది." కాగితం తీశాడు. ఆవిడ దాన్ని ఓపిగ్గా చదివి, మడిచి, అతని జేబులోనే పెట్టేసింది.

"మీ ఆవిడ పాతిక నిమిషాల్లో అయిదుగురిని ఒప్పించారు."

ఇంతలో ఆ అయిదుగురిలో మొదటావిడ భర్త చెయ్యి పట్టుకుని రానే వచ్చింది. జబ్బుల సంగతి నమూనా అని ఎవరో చెబితే, "అయితే ఏంటి? ఈయన సంగతి నాకింకా తెలీదుగా" అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. మిగతావాళ్లూ ఫారాలు తిరిగివ్వలేదు.

బ్రాంచి మేనేజరు స్టోర్‌కీపరు భార్య వైపు తిరిగింది. "మీరు చేరతారా? ముందే చెప్తున్నాను, జీతం ఉండదు, కమీషనే."

"బట్టలు కుడితే మాత్రం జీతమెవరిస్తున్నారండీ? కుట్టినన్నింటికే డబ్బులు. మిషను మానక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"అయితే సరే." ఆవిడ భర్తను చూసింది. "ఏమంటారు?"

"ఆలోచిద్దాం" అన్నాడతను. అప్పటికే ఆవిడ సంతకం పెడుతోంది.

అతని ముఖం కాస్త చిన్నబోయింది. పది రోజులుగా ఊహల్లో తొడుక్కున్న ఇస్త్రీ చొక్కా ఎవరో విప్పేసినట్టయింది. ఫ్యాక్టరీ మేనేజరు ఇబ్బందిగా కదిలి, జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. "గేటు దగ్గర కుర్చీ అక్కర్లేదన్నమాట. మరి ఇవి?"

గుత్తి చేతిలో పడింది. ఆ బరువు తగలగానే అతను అప్రయత్నంగా ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఇరవై మూడూ ఉన్నాయి. ఒక్క పూట దూరమైనందుకే ప్రాణం ఇంత లాగుతుందని అతను అనుకోలేదు. ఆలోచిస్తూ కూర్చోవలసిన పని లేకుండానే తెలిసిపోయింది, స్టోర్స్ వదిలి ఎక్కడికీ వెళ్లనని. వెళ్లేటప్పుడు కారెక్కుతూ, ఇంటికి వద్దు, ఫ్యాక్టరీ దగ్గర దింపమని అడిగాడు. ఎవరూ వినలేదు. శిష్యురాలు అప్పటికే తప్పు వీధిలోకి తిప్పేసింది.

భార్య మర్నాడే పని మొదలుపెట్టింది. మొదటి పాలసీ ఇంట్లోనే అమ్మింది. భర్త ఆలోచిద్దాం అనే లోపే పరీక్షకు తీసుకెళ్లింది. కంపెనీ డాక్టరు గుండె విన్నాడు, భేష్ అన్నాడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, అంకె చూసి కనుబొమలు ముడిచాడు. "రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉందే. ఎప్పటి నుంచి?"

"నిన్న సాయంత్రం నాలుగింటి నుంచి" అని స్టోర్‌కీపరు ఏమాత్రం ఆలోచించకుండా జవాబిచ్చాడు.